నర్సయ్య గొంతు

2007లో నేను కతార్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. చమురు, గ్యాసు ధరలు బాగా పెరిగిన రోజులవి. దోహాలో ఏ మేడ మీద నిలబడి చూసినా క్రేన్లే కనిపించేవి. మేము ఒక భవనంలో ఏసీలు నడిపించి బయటికి వచ్చేసరికి పక్కన ఇంకో భవనానికి పునాది తవ్వుతుండేవారు. మా కంపెనీ చూసుకునే చోట్లలో ఆఫీసులు, విల్లాలు, ఒక స్కూలు ఉండేవి. ఒక పెంగ్విన్ల ఇల్లు కూడా ఉండేది.

దుఖాన్ వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటాక, ఒక కతారీ పెద్దాయనకు తోట ఉండేది. అందులో జింకలు, నెమళ్ళు, వేట డేగలు ఉండేవి. ఆయన యూరప్‌లో ఎక్కడో పెంగ్విన్లను చూసి ముచ్చటపడి, తోటలో ఒక హాలు కట్టించి ఇరవై నాలుగింటిని తెప్పించుకున్నాడు. టెన్నిస్ కోర్టంత హాలు. ఒక పక్క గాజు గోడ, మధ్యలో కొలను, చుట్టూ సిమెంటుతో చేసిన గుట్టలు. బయట నలభై ఆరు డిగ్రీలున్న రోజున లోపల మూడు డిగ్రీలుండాలి. అలా ఉంచడం నా డ్యూటీ.

ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగినది నా భార్య సుగుణ. దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో మేమున్న రెండు గదుల ఇంటికి ఎవరు వచ్చినా ఆమే చెప్పేది. నేను మధ్యలో డిగ్రీలూ కొలతలూ సరిచేసేవాణ్ణి. ఆమె పోయి మూడేళ్ళయింది. అందుకని నేను రాస్తున్నాను. డిగ్రీలు ఎక్కువై మిగతావి తక్కువైతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ముందు యంత్రం సంగతి. ఆ హాలుకు చల్లగాలి పంపేది ఏహెచ్‌యూ, అంటే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్. లారీ అంత ఇనుప పెట్టె. దానిలో ఒక ఫ్యాను, చల్లటి నీళ్ళు తిరిగే గొట్టాలు, గాలిని వడకట్టే ఫిల్టర్లు ఉంటాయి. ఆఫీసులో ఫిల్టరు మురికిపడితే ఎవరో తుమ్ముతారు. పెంగ్విన్ల దగ్గర అలా కాదు. వాటి సొంత చోట గాలిలో దుమ్ము, బూజు దాదాపు ఉండవు. అందుకని మన గాలిలో మామూలుగా ఉండే బూజు కూడా వాటి ఊపిరితిత్తుల్లో పట్టుకుంటుంది. ఈ విషయం మొదటి రోజునే డాక్టర్ హెలెన్ నాకు చెప్పింది. ఆవిడ దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పక్షుల డాక్టరు. "వీటికి నేను రెండో డాక్టర్ని, మొదటి డాక్టర్ మీరే," అన్నది. నేను దాన్ని మర్యాదకు అన్న మాట అనుకున్నాను.

పక్షులకు మేత వేసేవాడు గంగారాం. జగిత్యాల పక్క పల్లె. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో హెల్పర్‌గా వచ్చి, ఎలాగో ఈ తోటలో పడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. రెండు స్వెటర్లు, పైన రెయిన్‌కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని, బకెట్లో చేపలతో లోపలికి పోయేవాడు. డాక్టరు పక్షులను రెక్కకు కట్టిన పట్టీల రంగును బట్టి గుర్తుపట్టేది. గంగారాం అన్నింటికీ తన ఊళ్ళోవాళ్ళ పేర్లు పెట్టాడు.

"గా ఎర్రపట్టీది నర్సయ్య, సార్. మా ఊళ్ళ నర్సయ్య తాత గిట్లనే నడుస్తడు, కడుపు ముంగటేసి. గీమె లస్మవ్వ, ఆయన ఇంటామె. ఊకె గులుగుతది. గా మూలకున్నోడు పటేలు. పని చెయ్యడు, అందరి జాగల తలకాయ వెడ్తడు."

"నీ పేరు ఎవరికి పెట్టావు?" అని అడిగాను.

"నా పేరెందుకు సార్, నేను ఈడనే ఉన్న గదా! ఊళ్ళున్నోళ్ళయే పెట్టిన. దుబాయిల మంచుపిట్టలకు చేపలేస్తున్న అని ఫోన్ల చెప్తే మా ఇంటామె నవ్వుడే నవ్వుడు. తాగినవా అంటది." గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళ ఊళ్ళో దుబాయే.

నర్సయ్య, లస్మవ్వల జంట వచ్చినప్పటి నుంచీ జంటేనట. అవి జెంటూ అనే జాతి. మగపక్షి గులకరాళ్ళు ఏరుకొచ్చి గూడు కడుతుంది. భూమి దక్షిణపు కొసన వసంతం వచ్చేది మన అక్టోబరులో. ఆ కాలానికి తగ్గట్టు హాల్లో దీపాల వెలుగు గంటలు పెంచి, గంగారాం బస్తాడు గులకరాళ్ళు తెచ్చి పోసేవాడు. మగవి ముందు వచ్చి పాత చోటు చూసుకుంటాయి. తర్వాత ఆడది ఆ చోటికే వస్తుంది. మగది మెడ పైకి చాచి కూత పెడుతుంది. ఆడది ఆ గొంతు విని గుర్తుపట్టి, వంగి పలకరిస్తుంది. మనకు అన్నీ ఒక్కలా కనిపించినట్టే వాటికీ కనిపిస్తాయో ఏమో, గొంతు వింటే తప్ప నమ్మవు అని డాక్టరు చెప్పింది.

"నర్సయ్య రాయి తెచ్చి ముంగట పెడ్తడు సార్. లస్మవ్వ దాన్ని గిట్ల జూస్తది, గట్ల జూస్తది. నచ్చకుంటె ముక్కుతోని అవుతల ఇసిరేస్తది. మల్ల ఇంకోటి తేవాలె. పెండ్లయినోళ్ళ బతుకు ఏడైనా గంతే," అని గంగారాం నవ్వేవాడు.

ఇక నా తప్పు. ఆ జూన్‌లో షమాల్ గట్టిగా వీచింది. షమాల్ అంటే ఉత్తరం నుంచి వచ్చే దుమ్ముగాలి. వారం పాటు ఎండ పసుపుపచ్చగా, ఎదుటి మేడ కనిపించకుండా ఉండేది. ఫిల్టర్‌కు ముందూ వెనకా గాలి ఒత్తిడిలో తేడా చూపించే గేజ్ ఒకటుంటుంది. దాని ముల్లు ఎర్రగీత దాటగానే ఫిల్టరు మార్చాలి. దాటింది. నేను చూశాను. కానీ ఆ వారం మా పనివాళ్ళందరూ ఒక కొత్త టవరులో ఉన్నారు. ఎక్కడ చూసినా పని, మనుషులు చాలరు. నాలుగు రోజులు ఆగవచ్చు అనుకున్నాను. ఆఫీసు భవనమైతే ఆగవచ్చు కూడా.

నాలుగు రోజుల తర్వాత ఫిల్టర్లు మార్చాం. పదిహేను రోజులకు గంగారాం డాక్టరు దగ్గరకు వెళ్ళి, నర్సయ్య గొంతు బాగాలేదని చెప్పాడు. తింటున్నాడు, తిరుగుతున్నాడు, గొంతు మాత్రం పోయింది అన్నాడు. అదే మొదటి గుర్తట. బూజు శ్వాసనాళంలో గొంతు దగ్గర పట్టుకుంటే కూత మారిపోతుంది. గంగారాం కాకపోతే ఇంకో వారానికిగానీ ఎవరికీ తెలిసేది కాదు. నర్సయ్యను విడిగా ఒక చిన్న చల్లటి గదిలో పెట్టి, రోజుకు రెండుసార్లు మందును ఆవిరిలా పీల్పించడం మొదలుపెట్టారు.

నేను డాక్టరు దగ్గరకు వెళ్ళి ఎర్రగీత సంగతి, నాలుగు రోజుల సంగతి చెప్పాను.

"దానివల్లే అని నేను చెప్పలేను. దానివల్ల కాదని కూడా చెప్పలేను. మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అన్నది. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

ఆ రెండు నెలలు ఆ ఏహెచ్‌యూ మీద నేను పెట్టినంత శ్రద్ధ నా ఇంటి మీద కూడా పెట్టలేదు. హెపా ఫిల్టర్లు వేయించాను. ఆపరేషన్ థియేటర్లలో వాడే రకం. కంటికి కనిపించని బూజు గింజలను కూడా ఆపుతాయి. అంత దట్టమైన ఫిల్టర్ల గుండా గాలి వెళ్ళాలంటే పాత ఫ్యాను చాలదు. పెద్ద ఫ్యాను తెప్పించాను. గంటకు హాల్లో గాలి ఎన్నిసార్లు మారాలో దానికి రెట్టింపు చేశాను. మా కంపెనీలో దాన్ని చూడటానికి వేరే సైట్ల సూపర్‌వైజర్లు వచ్చారు. లోపల హోరు కాస్త పెరిగింది. మీటరు పెట్టి కొలిచాను. మనుషులు పనిచేసే చోట ఉండదగిన హద్దులోనే ఉంది. కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

సుగుణ మాత్రం రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అడిగేది, "మీ నర్సయ్య ఎలా ఉన్నాడు?" అని. "మందు పీలుస్తున్నాడు," అనేవాణ్ణి. "లస్మవ్వ ఏం చేస్తోంది?" అనేది. నాకు తెలియదు. మర్నాడు గంగారాంను అడిగి వచ్చి చెప్పేవాణ్ణి. తిన్నదనో, కొలను గట్టున ఒక్కతే నిలబడిందనో. అలా అలవాటైంది.

రంజాన్ పండగ అయిన వారానికి డాక్టరు నర్సయ్యను హాల్లోకి పంపడానికి ఒప్పుకుంది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. గొంతు పూర్తిగా రాలేదు, రాకపోవచ్చు కూడా అన్నది. అప్పటికే గులకరాళ్ళు పోసి నాలుగు రోజులైంది. లస్మవ్వ కొలను ఎడమ పక్కన, గుట్ట కింద, తమ పాత చోట నిలబడి తనే రాళ్ళు కూర్చుకుంటోంది. పటేలు ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు.

గంగారాం తలుపు తీసి నర్సయ్యను కింద దింపాడు. నేను గాజుకు ఇటు పక్క ఉన్నాను. నర్సయ్య కాసేపు నిలబడి, పొట్ట ముందుకేసుకుని, ఎటూ చూడకుండా సరిగ్గా తన చోటికి నడిచాడు. నాలుగు నెలలు వేరే గదిలో ఉన్నవాడు ఒక్క అడుగు తప్పలేదు. దారిలో రెండు మూడు పొడిచాయి. పట్టించుకోలేదు. లస్మవ్వ ముందు ఆగి మెడ పైకి చాచి నోరు తెరిచాడు. నాకేమీ వినపడలేదు. లస్మవ్వ మెడ సాచి ముక్కుతో పొడిచింది. రెక్కతో కొట్టింది. అతను రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ పొడిచింది. సాయంత్రం వరకు అదే. మర్నాడూ అదే. మూడో రోజున ఛాతీ మీద రక్తం కనిపించి డాక్టరు బయటికి తీయించింది.

"పరాయోడనుకుంటది సార్," అన్నాడు గంగారాం. చేపల బకెట్టు కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. "నాలుగు నెలలే గదా. నేను నాలుగేండ్లకు ఒకపారి పోత ఇంటికి. మా చిన్నది ఎవరే వీడు అన్నట్టు జూస్తది, గని ఇంటామె గుర్తువడ్తది. ఇదేందో మరి."

తోట వ్యవహారాలు చూసే ఉస్మాన్ సూడాన్ దేశస్థుడు. మంచివాడే. లెక్క ప్రకారం నడిచే మనిషి. ఆ రోజు వచ్చి డాక్టరుతో మాట్లాడి, బయటికి వచ్చి నాకు కూడా చెప్పాడు. నర్సయ్య మందలో కలవకపోతే ఒంటరిగా ఒక గదిలో పెట్టి పోషించడం కుదరదు. పెద్దాయన స్నేహితుడొకాయన ఒక పెంగ్విన్ కావాలని చాలా రోజులుగా అడుగుతున్నాడు. విల్లాలో, అతిథులు కూర్చునే మజ్లిస్ పక్కన, ఏసీ పెట్టిన గాజు గది కట్టించాడు. ఆదివారం మనుషులు వచ్చి తీసుకెళ్తారు.

"ఒక్కటే ఉంటే బతుకుతుందా?" అని డాక్టరును అడిగాను.

"తిండి మానేస్తుంది. ఎన్నాళ్ళు అంటే చెప్పలేను. చెప్పాను వాళ్ళకు. ఆదివారంలోపు ఇది మందలో కుదురుకుంటే పంపనవసరం లేదు అన్నారు. ఇవాళ బుధవారం," అన్నది.

ఆ మధ్యాహ్నం ప్లాంట్ రూమ్‌లో ఉండగా సుగుణకు ఫోన్ చేశాను. ప్లాంట్ రూమ్ అంటే యంత్రాలు ఉండే గది. ఇంటికి ఆలస్యంగా వస్తానని చెప్పాలి.

"ఆ?" అన్నది.

మళ్ళీ చెప్పాను.

"ఆ? ఏమిటండీ? బియ్యమా?"

"బియ్యం కాదు. ఆలస్యం!"

"బయటికి వచ్చి మాట్లాడండి. ఆ మిషను దగ్గర నిలబడి అరుస్తారేమిటి? గొంతు మీదో, ఇంకెవరిదో కూడా తెలియడం లేదు."

బయటికి వచ్చి చెప్పాను. ఆమె నా మాటలో ఏదో పట్టుకుని, ఏమైంది అని అడిగింది. ఆదివారం సంగతి చెప్పాను. అంతా విన్నది. తర్వాత, "లోపల కూడా ఇంత హోరేనా?" అన్నది.

"ఇంత కాదు. అయినా ఉంటుంది. హద్దులోనే ఉంది, కొలిచాను."

"ఎవరి హద్దు?"

"మనుషులది," అన్నాను.

"జబ్బు పడి లేచిన గొంతు కదండీ," అన్నది సుగుణ. "మామూలు గొంతుతో అరిస్తేనే మీ మాట నాకు బియ్యంలా వినబడింది. ఆ పిల్లకి ఏం వినబడుతుంది? ఎవడో నోరు తెరుచుకుని మీదికొస్తున్నాడనుకుంటుంది. పొడవక ఏం చేస్తుంది? ఒక్క నిమిషం ఆ ఫ్యాను కట్టేసి చూడకూడదూ?"

ఇరవై రెండేళ్ళు ఈ పని చేసినవాణ్ణి. ఫ్యాను ఆపడం అనే మాటే నాకు తట్టలేదు. మా వృత్తిలో మమ్మల్ని పెట్టుకునేదే యంత్రం ఆగకుండా చూడటానికి. ఏదైనా తేడా వస్తే ఇంకాస్త గాలి, ఇంకాస్త చల్లదనం, ఇంకో ఫిల్టరు అని ఆలోచిస్తాం. మిగతా పక్షులు ఆ హోరు మీద అరిచి నెట్టుకొస్తున్నాయి కాబట్టి నాకు తెలియలేదు. నర్సయ్యకు ఆ శక్తి లేదు. ఆ శక్తి పోయింది నా నాలుగు రోజుల వల్ల. మిగిలిన కాస్త గొంతునూ ముంచింది నేను గొప్పగా బిగించిన ఫ్యాను.

వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది నాకు తట్టవలసింది," అన్నది. పది నిమిషాలు ఆపితే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందని అడిగింది. కొలను నీళ్ళు చల్లగానే ఉంటాయి కాబట్టి రెండు డిగ్రీలకు మించదని లెక్కవేసి చెప్పాను. పక్షులకు అది ఏమీ కాదన్నది. ఉస్మాన్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"యా ముహందిస్," అన్నాడు. మేము ఇంజనీర్లం కాకపోయినా అక్కడ మిషను ముట్టుకునేవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. "ఫ్యాను ఆగకుండా ఉండటానికే నీకు ఇంత పెద్ద ఫ్యాను కొనిచ్చాం. ఇప్పుడు వచ్చి ఆపుతానంటున్నావు. పక్షి పాట పాడాలి అంటున్నావు. ఇది పెద్దాయనకు నేను ఎలా చెప్పను?"

"పది నిమిషాలు. ఏమైనా అయితే నా సంతకం ఉంటుంది."

"నీ సంతకం నా దగ్గర చాలా ఉన్నాయి," అని గొణిగి, కాగితం లాక్కుని, మూలన తన సంతకం కూడా పెట్టాడు. "గురువారం పదింటికి. పది నిమిషాలు. ఖలాస్."

గురువారం పది గంటలకు నా కింద పనిచేసే ఎలక్ట్రీషియన్‌ను ప్లాంట్ రూమ్‌లో వీఎఫ్‌డీ దగ్గర నిలబెట్టాను. మోటారు వేగాన్ని పెంచే, తగ్గించే పెట్టె అది. ఒక్కసారిగా ఆపితే పక్షులు బెదురుతాయని, నిమిషం పాటు మెల్లగా తగ్గించమన్నాను. నేను స్వెటరు వేసుకుని గంగారాంతో లోపలికి వెళ్ళాను. డాక్టరు నర్సయ్యను ఎత్తుకుని వచ్చి గుమ్మం దగ్గర దింపింది. ఉస్మాన్ గాజుకు అవతల గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

హోరు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. ఆ హాల్లో నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు. నిశ్శబ్దం అనడం కూడా తప్పే. కొలనులో నీటిబొట్లు పడుతున్నాయి. రాళ్ళ మీద కాళ్ళ చప్పుడు. ఎవరో ముక్కుతో రాయి జరిపిన చప్పుడు. ఇరవై మూడు పక్షులూ ఒకేసారి తలలెత్తి పైకి, గాలి వచ్చే కిటికీల వైపు చూశాయి. తర్వాత అన్నీ ఒకేసారి కూతలు మొదలుపెట్టాయి. మొదటి నాలుగు నిమిషాలు వాటికే సరిపోయాయి. ఇది ఫ్యాను కంటే ఎక్కువ గోల కదా అని నేను బెంబేలుపడ్డాను.

"ఆగుండ్రి సార్. కొత్తగ అయితే గట్లనే ఒర్లుతయి. ఊకుంటయి," అన్నాడు గంగారాం.

ఊరుకున్నాయి. నర్సయ్య అప్పటికి తన చోటికి చేరాడు. లస్మవ్వ మెడ సాచింది. అతను రెండు అడుగుల దూరంలో ఆగాడు. మూడు రోజుల దెబ్బలకు ఆ దూరం నేర్చుకున్నట్టున్నాడు. మెడ పైకెత్తి కూత పెట్టాడు. అప్పుడు విన్నాను. బాగా లేదు. బెజ్జం పడిన సైకిల్ హారన్ నొక్కితే వచ్చినట్టు, మొదట గాలి, మధ్యలో ఒక ముక్క కూత, చివర మళ్ళీ గాలి.

లస్మవ్వ పొడవలేదు. మెడ అలాగే సాచి ఉంచింది. తల ఒక పక్కకు వంచింది. తర్వాత రెండో పక్కకు వంచింది. నర్సయ్య మళ్ళీ కూశాడు. ఆమె కూత పెట్టలేదు. ఉస్మాన్ గాజు మీద వేలితో కొట్టి గడియారం చూపించాడు. పది నిమిషాలైంది. ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి, "సార్, స్పీడు ఎత్తమంటారా?" అన్నాడు. నేను వద్దన్నాను. ఉస్మాన్ చేతులు పైకెత్తాడు. డాక్టరు అతని వైపు చూడకుండా పక్షుల వైపే చూస్తోంది.

పదమూడో నిమిషంలో అనుకుంటాను, నర్సయ్య కింద చూసి ఒక రాయి ఏరుకుని ఆమె ముందు పెట్టాడు. పెట్టి, వంగి, అక్కడే ఉండిపోయి, మూడోసారి కూశాడు. లస్మవ్వ వంగింది. అతనికంటే కిందికి వంగింది. తర్వాత మెడ పైకెత్తి అంత పెద్ద గొంతుతో కూసిందంటే పక్కనున్న పటేలు రెండడుగులు జరిగాడు. ఇద్దరూ మార్చి మార్చి వంగి లేస్తూ, ఒకరు విరిగిన గొంతుతో, ఒకరు నిండు గొంతుతో, చాలాసేపు అలా కూశారు.

గంగారాం రెయిన్‌కోటు చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "జూసినవా లస్మవ్వా," అన్నాడు పక్షితో. "నీ మొగడే. జర సన్నవడ్డడు గంతే."

ఉస్మాన్ ఆ సాయంత్రం పెద్దాయనకు ఫోన్‌లో అరబిక్‌లో చాలాసేపు చెప్పాడు. మధ్యలో అతను కూడా మెడ పైకెత్తి నర్సయ్య కూత చేసి చూపించడం నేను చూశాను. ఆదివారం ఎవరూ రాలేదు.

ఫ్యాను శాశ్వతంగా ఆపడం కుదరదు కదా. ఒకసారి గుర్తుపట్టాక ఆ రోజుకు పరవాలేదు కానీ, అవి తిండికి పోయి వచ్చిన ప్రతిసారీ కూసుకునే ఒకరినొకరు పలకరించుకుంటాయి. ఫిల్టర్ల వరుసను రెట్టింపు చేశాం. ఫిల్టరు విస్తీర్ణం పెరిగితే తక్కువ వేగంతోనే గాలి వెళ్తుంది. గాలిగొట్టంలో సైలెన్సర్ పెట్టించాం. అది పూర్తయ్యే మూడు వారాలూ రోజుకు నాలుగుసార్లు, గంగారాం మేత వేసే సమయాల్లో, ఫ్యాను వేగం సగానికి తగ్గించేవాళ్ళం. ఆ కాగితాల మీద ఉస్మాన్ అడగకుండానే సంతకం పెట్టాడు. ఆ ఏడు లస్మవ్వ ఆలస్యంగా రెండు గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కాలేదు. గంగారాం బాధపడ్డాడు. డాక్టరు బాధపడలేదు. ఇద్దరూ వంతులవారీగా నలభై రోజులు కూర్చున్నారు, అది చాలు అన్నది. తర్వాతి ఏడు ఒక పిల్ల అయింది. సుగుణ దాన్ని చూడటానికే మొదటిసారీ, చివరిసారీ తోటకు వచ్చింది. నా స్వెటరు వేసుకుని, గాజుకు ముక్కు ఆనించి, "ఎర్రపట్టీ ఏదండీ?" అని అడిగింది. చూపించాను. నా యంత్రం గురించి అడగలేదు.

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకు ఈ కేసు చెప్పి, ఒక పద్ధతి అలవాటు చేశాను. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు మీటరు బయటికి తీయవద్దు. యంత్రం ఆపి, ఆ గదిలో పది నిమిషాలు నిలబడండి. ఆ గదిలో ఉండేవాళ్ళు ఏమంటున్నారో వినండి. మన యంత్రం సరిగ్గా పనిచేయడం వేరు, ఆ గది బాగుండటం వేరు. నలుగురైదుగురు ఇప్పటికీ అలా చేస్తున్నామని చెబుతారు. నేను మాత్రం ఆ పాఠాన్ని మరచిపోయిన సందర్భం ఒకటుంది. అది కూడా రాయాలి.

మేము కతార్ వదిలి వచ్చేశాక, సుగుణ తన చివరి నెల కాకినాడలో ఆసుపత్రిలో ఉంది. మే నెల. గదిలో ఏసీ పాతది, బాగా చప్పుడు చేసేది. చల్లగా ఉంది కదా, చాలు అనుకున్నాను. ఆమె గొంతు సన్నబడి, పెదవులు మాత్రం కదిలేవి. ఏదో అడిగేది. నేను దగ్గరకు వంగి "సరే, సరే" అనేవాణ్ణి. దుప్పటి సర్దేవాణ్ణి. నీళ్ళిచ్చేవాణ్ణి. తల అడ్డంగా ఊపి కళ్ళు మూసుకునేది. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం ఆమె నా చేయి పట్టుకుని, ఏసీ వైపు చూసింది. నాకు సిగ్గు వేసింది. లేచి దాన్ని ఆపేశాను. కిందనున్న రోడ్డు మీద ఎవరో అరుస్తూ పోతున్నాడు.

"ముంజలండీ," అన్నది సుగుణ. "రోజూ ఈ వేళకే వెళ్తాడు."

పరుగెత్తుకుంటూ కిందికి వెళ్ళి బండివాణ్ణి వీధి చివర పట్టుకున్నాను. డజను తెచ్చి, పైపొర ఒలిచి పెట్టాను. ఒకటిన్నర తిన్నది. ఆ సాయంత్రం, ఉక్కపోతలో, ఏసీ లేకుండా, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.